ఎవరూ అడగని కిడ్నీ

"నేనైతే ఇయ్య. ముందే చెప్తున్న."

మా ఆయన రాజారాం ఈ మాట అన్నప్పుడు నేను చాట ఒళ్లో పెట్టుకుని బీడీ ఆకు కత్తిరిస్తున్నాను. ఎస్టీడీ బూత్ నుంచి హైదరాబాద్ డాక్టరుకు ఫోన్ చేసి, అప్పుడే వచ్చాడు. నాకు కిడ్నీ మార్పిడి చెయ్యాలన్నాడట. మిగతాది మనుషులు వస్తే చెప్తాడట. ఇమ్మని నేను అడిగానా? నోరైనా తెరవలేదు.

అత్త సాయవ్వ అందుకుంది. "వాని జోలికి రాకు పిల్లా. ఫ్యాక్టరీల బరువులెత్తేటోడు. నాదంటవా, ముసల్దాన్ని." మరిది ఆశన్న వాకిట్లోనే ఆగి, "నాకింక లగ్గం గాలె వదినా" అని అటే వెళ్లిపోయాడు. వాణ్ని పిలిచిందెవరు?

నాకు ఒళ్లు మండిపోయింది. "పిల్లలైపోయిండ్రు, ఇంకేం పని దాంతోని" అని నా గర్భసంచి తీయించింది వీళ్లే. ఆ ఆపరేషన్‌లోనే ఒక కిడ్నీ నుంచి వచ్చే మూత్రనాళం తెగింది. ఏడాదిగా నడుములో గొట్టం, మూత్రం పట్టేందుకు పక్కన సంచి. వాసనొస్తోందని నా పడక వరండాలో వేశారు. బువ్వ మాత్రం నా చేతిదే తిన్నారు. చేతికి వాసన లేదు కాబోలు! చెరుకు సీజన్‌లో ఫ్యాక్టరీ యంత్రంలో రాజారాం కాలు నలిగినప్పుడు రక్తం ఇచ్చింది నేను. ఇస్తావా అని ఎవరూ అడగలేదు. చెయ్యి పట్టి మంచం మీద పడుకోబెట్టారు, అంతే.

హైదరాబాద్ వెళ్లాం. డాక్టరు నవ్వాడు. "ఎవరిదీ అక్కర్లేదమ్మా. నీ కిడ్నీ బాగుంది, దాని దారే పాడైంది. అదే తీసి, కింద మూత్రసంచి దగ్గర నీకే పెడతాం. పెద్ద ఆపరేషన్. రెండు నెలలు పని చెయ్యొద్దు. వద్దంటే ఆ కిడ్నీని పూర్తిగా తీసేస్తాం, తొందరగా కోలుకుంటావు. ఒక్కదాంతోనూ బతకొచ్చు."

రాజారాం ముఖం తేటబడింది. "తీసెయ్యుండ్రి సార్. జల్ది ఇంటికొస్తది. ఆడమనిషికి ఒక్కటి సాలదా?"

తన రెండింట్లో ఒకటి ఇవ్వనన్నవాడు, నా రెండింట్లో ఒకటి పారెయ్యమంటున్నాడు. డాక్టరు కూడా ఆయన వైపే చూసి, "సరే, తీసేద్దామా?" అన్నాడు.

"గాయిన్నెందుకు అడుగుతున్నరు సార్?" నా గొంతు నాకే గట్టిగా వినిపించింది. "గా కిడ్నీ ఆయన్ది గాదు. ఇచ్చేదాన్ని నేనే, తీసుకునేదాన్ని నేనే. నాది నాకే పెట్టుండ్రి."

"మరి రెండు నెలలు బువ్వెవ్వలు వండాలె?" అన్నాడు రాజారాం.

"తినేటోళ్లు" అన్నాను.