మంగు

“మొహం సరిగ్గా కడుక్కోలేదా? బుగ్గ మీద మసి ఉంది” అంది మా అత్తగారు.

నేను గిన్నెలు తోముతున్నాను. తడి చేత్తోనే రుద్దుకున్నాను. “ఇంకా ఉంది” అంది. మళ్ళీ రుద్దాను. అప్పుడు ఆవిడ దగ్గరకొచ్చి, కళ్ళు చికిలించి చూసి, “అయ్యో, మసి కాదే, మంగు” అంది.

ఆ రోజు నుంచి నా మొహం ఇంటిల్లిపాదికీ ఉమ్మడి ఆస్తి అయిపోయింది. ఆడపడుచు వచ్చి నా గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పి చూసింది. “మెడికల్ షాపులో క్రీమ్ ఇస్తారు వదినా, ఇట్టే పోతుంది” అని తనే తెచ్చిపెట్టింది. నిజంగానే మొదట్లో మచ్చలు పలచబడ్డాయి. “పర్లేదు, మనిషిలా కనిపిస్తున్నావు” అన్నాడు మా ఆయన. ఆ మాటకే పొంగిపోయి ఇంకాస్త మందంగా రాశాను. కొన్నాళ్ళకు చర్మం ఎర్రబారి, ఎండ తగిలితే చాలు భగ్గుమనేది. క్రీమ్ మానేస్తే మచ్చలు మునుపటికంటే నల్లగా తిరిగొచ్చేవి.

నేను పనిచేసేది కళ్ళజోళ్ళ షాపులో. ఫ్రేము ముక్కు మీద సరిగ్గా కూర్చుందా, చెవి వెనక నొక్కుతోందా అని, వచ్చినవాళ్ళ మొహంలో మొహం పెట్టి చూడాలి. ఒకావిడ ఉన్నట్టుండి వెనక్కి జరిగి, “ఇది అంటుకునేది కాదు కదా?” అంది. మర్నాడు ఓనరు పిలిచాడు. “నువ్వు పనిమంతురాలివేనమ్మా, కాదనను. కానీ కౌంటర్లో కూర్చునే మనిషి కాస్త... నీకు తెలియంది కాదు. లోపల అద్దాలు తుడిచి కవర్లలో పెడుతూ ఉండు.” లోపలి గదికి కిటికీ కూడా లేదు.

ఇంటికొచ్చి చెప్తే మా ఆయన టీవీ మీంచి చూపు తిప్పకుండా, “మంచిదేగా, నీడపట్టున ఉంటావు” అన్నాడు. లైటు ఆర్పితే తప్ప నా వైపు తిరగని మనిషి. దాన్ని సిగ్గనుకోవడానికి నేను చాలా కష్టపడ్డాను.

చివరికి ఒక్కదాన్నే చర్మం డాక్టరమ్మ దగ్గరకు వెళ్ళాను.

“మాత్రలేమైనా వాడుతున్నారా?”

“ఏమీ లేవండి. పిల్లలు పుట్టకుండా వేసుకునేవి, అంతే. పాప పుట్టిన కొన్నాళ్ళ నుంచీ.”

“అంతే అంటారేంటమ్మా? మంగు రావడానికి అవీ ఒక కారణమే. ఎండా, పొయ్యి సెగా దాన్ని ఇంకా పెంచుతాయి. మీరు రాసిన క్రీములో స్టెరాయిడ్ ఉంది, చర్మాన్ని తినేసింది. అది నేను చెప్పినట్టు మెల్లగా ఆపుదాం. ఎండకి ఈ లోషన్ రాయండి. ఆ మాత్రల బదులు మాత్రం వేరే దారి చూసుకోండి. మీవారికి చిన్న ఆపరేషన్ చేయించవచ్చు, అదే రోజు ఇంటికి పంపేస్తారు.”

పొయ్యికి కాస్త దూరంగా ఉండమని కూడా చెప్పింది. నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను.

బస్సులో కూర్చున్నాక ఆ నవ్వు ఎటుపోయిందో తెలియలేదు. మరిచిపోకుండా, ఒంట్లో బాగోకపోయినా, జ్వరం వచ్చినా మింగిన మాత్రలు. ఎవరి కోసం? నా మొహం కనబడకూడదని లైటు ఆర్పే మనిషి కోసం. ఆయన దగ్గరికి రావడానికి నేను మింగిందే, ఆయన చూడలేని మొహాన్ని నాకు తెచ్చిపెట్టింది. ఎవరితోనైనా చెప్పుకుందామనుకున్నాను. చెప్పుకునే మనిషి ఒక్కరూ గుర్తు రాలేదు.

“నీ మొహం మీద మచ్చలకి నాకు కోత పెట్టమందా?” అన్నాడు మా ఆయన, డాక్టరమ్మ మాట చెప్పగానే.

“మగాడికి ఆపరేషనేంటే, బుద్ధుందా! బయట బరువు మోసేవాడు” అంది అత్తగారు. ఆయన ఆఫీసుకు మోసే బరువు టిఫిన్ డబ్బా ఒక్కటే. అదీ నేను సర్దిందే.

“మరి నా సంగతేంటి?” అన్నాను.

“నీకేమైందిప్పుడు? నొప్పా, రోగమా? మచ్చలేగా” అన్నాడాయన.

మాత్రల అట్ట చెత్తబుట్టలో పడేసి, నా దిండు పాప గదిలోకి తెచ్చుకున్నాను. అప్పటి నుంచి ఆయన నాతో మాటలు మానేశాడు. “కోడలికి మొహంతో పాటు మతి కూడా చెడింది” అని అత్తగారు చుట్టాలందరికీ ఫోన్లు చేసి చెప్పింది. పొయ్యి దగ్గర నుంచి మాత్రం నన్నెవరూ పక్కకు జరగమనలేదు.

మళ్ళీ రమ్మన్న రోజున డాక్టరమ్మ దగ్గరకు వెళ్ళాను. “కొంచెం తగ్గినట్టుంది. మీకు తెలుస్తోందా?” అని అడిగింది.

నాకు తెలియలేదు.

“పాత ఫోటో ఉంటే చూపించండి, పోల్చి చూద్దాం.”

ఫోన్ తీసి వెతికాను. పాప ఉంది. స్కూలు బట్టల్లో, ముందుపళ్ళు ఊడిన నవ్వుతో. కొత్త బండి మీద మా ఆయన, కేకు కోస్తూ అత్తగారు, వాళ్ళ వెనక చుట్టాలంతా ఉన్నారు. ఎంత వెనక్కి వెళ్ళినా నేను లేను. మచ్చలు రాకముందు కూడా లేను. అన్నీ నేను తీసినవే.

డాక్టరమ్మ ఎదురుచూస్తోంది. బయట తర్వాతివాళ్ళు దగ్గుతున్నారు.

“నా ఫోటో లేదండి” అని ఫోన్ ఆమె చేతిలో పెట్టాను. “ఒకటి తీయండి. ఇప్పుడున్నది ఉన్నట్టే.”