ముందురోజు మాట

చెట్టుకీ మనిషిలాగే నొప్పి తెలుస్తుందన్న వాక్యం దగ్గర ఆమె కాసేపు ఆగింది. ఎడమచేతి చిటికెన వేలు వంగడం లేదు. మొన్న భర్త తలుపు సందులో పెట్టి నొక్కిన వేలు. మిగతా తొమ్మిదింటితోనే ఆయన ప్రసంగమంతా టైపు చేసింది. పాతకాలపు మతాలు, తత్వాలు ప్రకృతిని ఎలా కాపాడాయన్నది విషయం, సాయంత్రమే సభ. ఆయన పెద్ద ప్రొఫెసరు, చీమ మీద కూడా కాలు వెయ్యడని పేరు. ఆ పేరు తెచ్చిన మూడు పుస్తకాలూ ఈ వేళ్ళ మీదుగానే వెళ్ళాయి. ముందుమాటల్లో కంప్యూటరు బాగుచేసినవాడికి కూడా కృతజ్ఞతలున్నాయి, ఆమెకి లేవు.

చివరి పేజీలో ఒక ఆచారం ఉంది. చెట్టు కొట్టాల్సి వస్తే పూర్వులు ముందురోజే దాని దగ్గరికి వెళ్ళి, అందులో ఉంటున్న ప్రాణులని క్షమించమని అడిగి, వేరేచోటు చూసుకోమని బతిమాలేవారట. గొడ్డలి పట్టేది మర్నాడేనట. ఆమెకి నవ్వొచ్చింది. పెరట్లో కారు షెడ్డు కోసం చెట్టు కొట్టేవాణ్ణి ఆయన అప్పటికే పిలిపించాడు.

ఇద్దరికీ టీ అందిస్తూ ఉండబట్టలేక అడిగింది. "చెట్టుకి నిన్ననే చెప్పారా మరి?"

చెట్టు కొట్టేవాడు నవ్వాడు. పరాయివాడి ముందు ఆయన రాసిన మాట ఆయనకే అప్పజెప్పడం, అదీ ఆమె చేసిన తప్పు. ఆయన తొందరపడలేదు. టీ పూర్తిగా తాగి, ఆమెని లోపలికి పిలిచి, తలుపు వేసి, జుట్టు పట్టుకుని నుదురు బల్ల అంచుకేసి కొట్టాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. అచ్చు తీసిన కాగితాల మీద నెత్తురు పడింది.

"మళ్ళీ తియ్యి. శుభ్రంగా ఉండాలి," అన్నాడు.

పక్కగదిలోంచి అత్తగారు, "సభ ఉన్నరోజు వాణ్ణి కదిలించకమ్మా, ఎన్నిసార్లు చెప్పాను" అంది.

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. కూరలో ఉప్పెక్కువైన రోజు నవ్వి ఊరుకుంటాడు, పెన్ను కనబడని రోజు కడుపులో తంతాడు. పదేళ్ళుగా ఆ చెయ్యి ఎప్పుడు లేస్తుందో తెలియక, ఇంట్లో గిన్నె కింద పడినా ముందు తలే వంచుకునేది. చెట్టుకి ఇమ్మన్న ఒక్కరోజు గడువు తనకి ఎన్నడైనా ఇచ్చాడా?

కిటికీలోంచి చెట్టు కొట్టేవాడి గొంతు వినబడింది. "అమ్మగారు అన్నది నిజమేనండీ. మా నాన్న కూడా చెప్పకుండా వేటు వేసేవాడు కాదు." తరవాత మాను మీద చెయ్యి పెట్టి, మెల్లగా, "ఇందులో ఉంటున్నవాళ్ళెవరో, రేపటికల్లా వేరేచోటు చూసుకోండి. గొడ్డలి ఇక్కడే ఉంటుంది" అన్నాడు. గొడ్డలిని చెట్టు మొదలుకి ఆనించి వెళ్ళిపోయాడు.

ఆమె పెరట్లోకి వెళ్ళింది. గొడ్డలి అనుకున్నంత బరువు లేదు. తిరిగి వచ్చేసరికి ఆయన కుడిచెయ్యి బల్లమీద ఆనించి, నెత్తురు పడని కాగితాలు ఏరుతున్నాడు. ఆమె రెండు చేతులా ఎత్తి బలంకొద్దీ దించింది. ప్రసంగాన్ని చీల్చుకుని గొడ్డలి బల్లలో దిగబడింది. ఆయన వేళ్ళకి బెత్తెడు దూరం. గుమ్మంలోకి వచ్చిన అత్తగారు రెండడుగులు వెనక్కి వేసింది.

కంట్లోకి కారుతున్న నెత్తురు ఆమె తుడుచుకోలేదు. ఆయన మొహం వైపు చూడలేదు. బల్లమీదే ఉండిపోయిన ఆ చేతి మీదికి వంగి, దానితోనే మెల్లగా చెప్పింది.

"ఇందులో ఉంటున్నవాళ్ళెవరో, రేపటికల్లా వేరేచోటు చూసుకోండి. గొడ్డలి ఇక్కడే ఉంటుంది."