ఆ ఆకు దీనిదేనా

చదువుకున్నవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. ఎనిమిదో తరగతితో బడి మానేసి, ఫ్రిజ్‌లు బాగుచేసుకుంటూ బతుకుతున్నవాణ్ణి. చల్లదనం నేను తెచ్చిపెట్టాలి, చల్లటి నీళ్ళు మాత్రం వాళ్ళే తాగాలి. ఆ జనంలోంచి ఒక్క మా వదినని పక్కకి తీసిపెట్టాను. ఊరికే కాదు.

వదిన మొక్కల మీద పరిశోధన చేసే ఆఫీసులో పనిచేస్తుంది. వానలకి ముందు ఒకరోజు అన్నయ్యకి సెలవు దొరకక, ఆవిణ్ణి నా వ్యాన్‌లో కొండకి తీసుకెళ్ళాను. బండల మధ్యకి వెళ్ళేసరికి గుప్పున కంపు.

“ఎలకేదో చచ్చినట్టుంది వదినా, వెనక్కొచ్చెయ్.”

“చచ్చింది కాదయ్యా, ఇప్పుడే పుట్టింది. ముక్కు మూసుకుని ఇలా రా.”

ఆకు లేదు, కొమ్మ లేదు. నేలని చీల్చుకుని ఒకే ఒక్క పువ్వు. ముదురు వంకాయరంగు దొప్ప, దాని నడుమ నిటారుగా ముడతలు పడ్డ కంకి, చుట్టూ ఈగల సంత. వదిన మట్టిలో బోర్లా పడుకుని భూతద్దం పెట్టింది. ముక్కు ఆ దొప్పలోకే దూర్చేసింది. నేనైతే డబ్బిచ్చినా ఆ పని చెయ్యను.

“ఇది కంద కుటుంబమే. కానీ ఈ ముడతల కంకి గురించి ఎవరూ రాయలేదు” అంది. భూతద్దం కొంగుకి తుడుచుకుని మళ్ళీ పెట్టింది. “రాసేది నేనేనేమో!”

దుంపని జాగ్రత్తగా తవ్వింది. పక్క బండ కింద గొడుగులా విచ్చుకున్న ఆకు ఒకటుంటే అదీ కోసుకుంది. దారిలో సంగతి చెప్పింది. ఈ జాతికి పువ్వూ ఆకూ ఒకేసారి రావట. పువ్వు వాడి రాలాకే ఆ దుంపకి ఆకు. కొత్త మొక్క అని లోకానికి చెప్పాలంటే రెండూ చూసి రాయాలి.

పువ్వు స్పిరిట్ సీసాలోకి వెళ్ళింది. ఆఫీసులో మొక్కలు పెంచే గాజుగదిలో ఎప్పుడూ నీళ్ళు కారుతుంటాయి, దుంపకేమో పొడిగా విశ్రాంతి కావాలి. అందుకని మా వంటింటి అటక కింద బుట్టలోకి చేరింది.

వాళ్ళ పెద్దసారు ఫోన్ల మీద ఫోన్లు. వదిన పువ్వు బొమ్మ గీస్తూ స్పీకరు పెట్టేది, నాకూ వినపడేది.

“అవతల ఇంకో జట్టు ఆ కొండల్లోనే తిరుగుతోందమ్మా. వాళ్ళు ముందు రాసేస్తే నీ కష్టమంతా మట్టిపాలు. కొండ మీద దొరికిన ఆకు ఉందిగా, అది పెట్టి వ్యాసం పత్రికకి పంపించెయ్.”

“అది దీని ఆకేనని నేను చూళ్ళేదు సార్.”

“పక్కనే ఉందన్నావుగా!”

“మా పక్కింట్లో ఒకాయన ఉంటాడు సార్. అంతమాత్రాన ఆయన మా ఆయన అయిపోతాడా?”

నేను స్క్రూడ్రైవర్ కింద పడేసుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు. ఫోన్ పెట్టేశాక వదిన కూడా నవ్వలేదు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆవిడ పేరు మీద ఒక్క మొక్కా లేదు. అన్నీ ఎవరి వెనకో నిలబడి చేసినవే. ఇది కూడా జారిపోతే మళ్ళీ ఇలాంటిది ఎదురవుతుందన్న నమ్మకం లేదు.

ఒక మధ్యాహ్నం అన్నానికి ఇంటికొచ్చేసరికి అమ్మ వంటింట్లో రెండు చేతులూ గోక్కుంటోంది.

“ఏం కందరా ఇది, చేతులు తగలబడిపోతున్నాయి!”

కత్తిపీట పక్కన దుంప రెండు చెక్కలై పడుంది. సరిగ్గా అప్పుడే సంచి భుజాన వేసుకుని వదిన గుమ్మంలోకొచ్చింది. ఇంక ఈ ఇల్లు రెండుగా చీలినట్టే అనుకున్నాను.

వదిన ఆ చెక్కల్ని చూసింది. సంచి దించింది. నోరు తెరిచి అన్న మొదటి మాట ఇదీ:

“అత్తయ్యా, నీళ్ళలో పెట్టకండి, ముందు నూనె రాద్దాం. చేతులిలా ఇవ్వండి.”

వేలు వేలుకీ నూనె పట్టించింది. అయ్యాక ఒక చెక్క తీసుకుని కిటికీ దగ్గరికెళ్ళింది. వెలుతురుకి పట్టి చూసింది.

“ఏమయ్యా, ఒకసారి ఇటు రా.”

పైకి మట్టిముద్దలా ఉన్న ఆ దుంప లోపలంతా గులాబీరంగు. పసిపిల్ల చిగుళ్ళలా ఉంది.

“తప్పయిపోయిందే అమ్మాయ్, కూరకి తెచ్చారనుకున్నా” అని అమ్మ ఏడుపు మొహం పెట్టింది.

“లోపలి రంగు కూడా రాయాల్సిందే, నాకైతే కొయ్యడానికి జన్మలో చెయ్యొచ్చేది కాదత్తయ్యా. ఉన్నది ఒక్కటే దుంపాయె” అంటూనే కాగితం లాక్కుని, ఆ రంగు నల్లబడేలోపు గీసేసింది. అప్పుడు కూర్చుంది. అప్పుడు ఏడ్చింది. చీర కొంగుతో మొహం తుడుచుకుని, మొలక కన్ను ఏ చెక్కలో ఉందో వెతికింది. అది తెగకుండా మిగిలింది. ఆ చెక్కకి బూడిద అద్ది, ఆరబెట్టి, ఇసుక కలిపిన మట్టిలో పాతింది. రెండోది కుళ్ళి, ఆ కంపుకి పువ్వే నయమనిపించింది.

“ఫ్రిజ్ వెనక వెచ్చగా ఉంటుంది, కుండీ అక్కడ పెట్టు” అన్నాను. పెట్టింది. ఆఫీసుకెళ్ళేముందు, వచ్చాక అక్కడ వంగి చూడ్డమే పని. పెద్దసారు గొంతు పెంచాడు, తర్వాత బతిమాలాడు, ఆ తర్వాత ఫోన్ చెయ్యడమే మానేశాడు. దానికే భయమేసింది నాకు. “పంపించెయ్ వదినా, ఎవడు చూడొచ్చాడు” అన్నాను.

“నేను చూస్తున్నానుగా” అంది.

ఒక ఉదయం మట్టిలోంచి సూదిలాంటి మొలక లేచింది. అక్కణ్ణించి కిటికీ పక్కకి మార్చాం. కాడ పొడుగైంది, కొసన ముడుచుకున్న గొడుగులాంటి ఆకు. వదిన నా బొటనవేలు పట్టుకుని ఆ కాడ మీద రాసింది. గరగరలాడింది, దాని ఒళ్ళంతా పులిపిర్లు. తర్వాత కొండ మీద కోసిన ఆకు కాడ తెచ్చి చేతిలో పెట్టింది. ఎండినా నున్నగా జారిపోతోంది.

రెండూ వేరు. నాలాంటి మొద్దు వేలికే తెలిసిపోయింది.

వదిన స్పీకరు పెట్టి పెద్దసారుకి ఫోన్ చేసింది. “సార్, ఆ ఆకు దీనిది కాదు. దీనిది వచ్చింది.”



“అవతలి జట్టు ఇంకా ఏమీ పంపలేదటమ్మా” అన్నాడు ఆయన, మెత్తబడ్డ గొంతుతో. “ఈరోజే పంపించెయ్ మరి.”

“ఇవాళ కుదరదు సార్. ఆకింకా పూర్తిగా విప్పుకోలేదు.”

ఫ్రిజ్ మోటారు మొదలైంది, ఆయనేమన్నాడో నాకు వినపడలేదు. వదిన స్టూలు కుండీ దగ్గరికి జరుపుకుని పెన్సిలు చెక్కడం మొదలుపెట్టింది.