కవరు తీయని కుర్చీ

మా కేబుల్ ఆఫీసు పక్కన ఇస్త్రీ బండి పెట్టుకున్న కనకవ్వ తన బిడ్డతో అన్నదట: "ఆ వార్తలు చదివే ధనుంజయ్ సారు ఇంట్ల ఎవరికో కాళ్లు పడిపోయినయే. నెలకోపారి చక్రాల కుర్సీ ఆటోల ఎక్కిస్తరు, పొద్దుగూకేసరికి మళ్ల దించుతరు. పాపం, ఏ దవఖానలనూ నయమైతలేనట్టుంది." ఆ మాట బిడ్డ నోట వీధంతా తిరిగి చివరికి నా దాకా వచ్చింది.

నేను ఒక చక్రాల కుర్చీని. సారు ఇంట్లో అందరి కాళ్లూ భేషుగ్గా ఉన్నాయి. రోగమల్లా నాదే. ఎన్నిసార్లు దానం చేసినా తిరిగి వచ్చేస్తాను.

ఉత్తరాదిన ఒక రేకుల షెడ్డులో పుట్టాను. ఇనుప గొట్టాలు వంచి, నల్ల రెక్సిన్ బిగించి, పైన పాలిథిన్ కవరు తొడిగి పంపారు. తండ్రి సంవత్సరీకం నాడు ఒక రైసుమిల్లు యజమాని నన్ను కొని, "మీ చేతుల మీదుగనే ఇయ్యాలె" అని ధనుంజయ్‌కు అప్పగించాడు. ఆ చేతుల మీదే ఉండిపోయాను.

ధనుంజయ్ ఆషామాషీ మనిషి కాదు. మొదట్లో ఆటోకు మైకు కట్టుకుని, తప్పిపోయిన మేకల గురించీ నల్లా రాని రోజుల గురించీ పట్నమంతా చాటేవాడు. గొంతు బాగుందని కేబుల్ వాళ్లు పిలిచి కోటు తొడిగారు. పదేళ్లలో వార్తలు చదవడం నుంచి వార్తల్లో ఉండడం దాకా ఎదిగాడు. ఆయన సేవ చేయని వారం లేదు, కెమెరా రిపేరుకు పోయిన వారం తప్ప.

నన్ను పదకొండు ఊళ్లలో దానం చేశాడు. ఊరూరా నా వీపు మీద కొత్త దాత స్టిక్కరు పడుతుంది, పాతది దాని కిందికి పోతుంది. కవరు మాత్రం ఎవర్నీ తీయనివ్వడు. "కొత్తగ కనవడాలె" అంటాడు. మనిషి కూర్చోగానే కవరు కిర్రుమంటుంది, ధనుంజయ్ కళ్లు చెమరుస్తాయి. కెమెరామన్ రవూఫ్ ఎర్రలైటు ఆర్పగానే కళ్లూ ఆరిపోతాయి. ఆ తర్వాత ఒకటే మాట: "బ్రేకు సరిజేసి రేపు పంపుతం." కూర్చున్న మనిషిని ఎత్తి మళ్లీ మంచం మీద పెడతారు. ఇన్నాళ్లలో నా బ్రేకుకు ఏ జబ్బూ లేదు.

పన్నెండో ఊళ్లో గుండగాని ఐలయ్య. కల్లు గీసేవాడు, తాటిచెట్టు మీంచి జారి నడుం విరిగింది. సోమవారం జిల్లా ఆసుపత్రిలో సదరం క్యాంపు. డాక్టర్లు చూసి సర్టిఫికెట్ ఇస్తేనే పింఛను. రెండు క్యాంపులు అప్పటికే తప్పిపోయాయి. భార్య బుచ్చమ్మ వీపున మోసుకుని రోడ్డెక్కేసరికి బస్సు వెళ్లిపోయేది. ఇదీ తప్పితే మళ్లీ ఏడాదికే అన్నారు. పైగా నన్ను దానం పొందిన ఆరో ఊరి మనిషి ఐలయ్యకు స్వయానా బావమరిది. నా బ్రేకు కథ ఇక్కడికి నాకంటే ముందే వచ్చేసింది.

ఆ రోజు లైవు. సాయంత్రం ధనుంజయ్‌కు 'సేవారత్న' బిరుదు ఇవ్వబోయే కమిటీ కూడా చూస్తోంది.

"ఎట్లనిపిస్తుంది, ఐలన్నా?"

"మంచిగున్నది సారు."

అంటూనే ఐలయ్య చెయ్యి చాచాడు. బుచ్చమ్మ మోకు అందించింది. చెట్టెక్కేటప్పుడు నడుముకూ చెట్టుకూ కలిపి చుట్టుకునే తాడు అది. దాన్ని తన నడుముకూ నా వీపుకూ కలిపి చుట్టి ముడేశాడు. తాటిచెట్టును నమ్మినట్టు నన్ను నమ్మిన మొదటి మనిషి. బుచ్చమ్మ వంగి నా కవరు పర్రున చింపింది.

"ఉక్కపోస్తది గద సారు" అంది.

ధనుంజయ్ నవ్వు చెదరనీయకుండా చేతులు జోడించి సెలవు చెప్పాడు. లైవు అయిపోయిందనుకున్నాడు. రవూఫ్ ఎర్రలైటు ఆర్పలేదు. మరిచాడో, మరవదలచుకున్నాడో.

"ఇగ దిగు, ఐలన్నా. బ్రేకు జూపియ్యాలె."

"బ్రేకు మంచిగనే ఉన్నది."

"నీకేం దెలుసు? ముడి ఇప్పు, జల్ది దిగు. ఇంకో ఊరికి వోవాలె."

అలవాటు కొద్దీ మైకు ఐలయ్య నోటి ముందు పెట్టాడు. అక్కడ పట్నంలో కనకవ్వ ఇస్త్రీపెట్టె పక్కకు పెట్టి ఎదురు దుకాణంలోని టీవీ వైపే చూస్తోంది.

ఐలయ్య ముడిని ఇంకాస్త బిగించి, తాపీగా అన్నాడు:

"నాకు దిగనీకి వస్తే ఈ కుర్సీ ఎందుకు సారూ?"