నిలబెట్టిన బరువు

నూనె కాగింది. రఘుపతి శనగపిండిలో ముంచిన మిరపకాయను గిన్నె అంచుకు రాసి, ఎక్కువైన పిండి దులిపి, మూకుడులోకి జార్చాడు. బజ్జీ ఒకసారి మునిగి పైకి తేలింది. వెంటనే ఇంకొకటి వేశాడు. క్యాంటీన్ కిటికీ అవతల తొలి షిఫ్టు కార్మికులు నెత్తిన టోపీలు, నడుముకు బ్యాటరీలు కట్టుకుని వరుసలో నిలబడ్డారు. గనిలోకి దిగే ముందు వాళ్లు తినే ఆఖరి వేడి తిండి ఇదే.

మొదటి వాయి తీశాడు. వంటవాడు రుచి చూడాలి. రఘుపతి చూడలేదు. ఒక బజ్జీని జల్లిగరిటె మీదే కిటికీలోంచి బయటకు చాపాడు.

"ఎల్లేశం బావా, ఉప్పు సూడు."

ఎల్లేశానిది గనిలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని. ఇవాళ అతని ఆఖరి షిఫ్టు. రేపటినుంచి రిటైరు. బజ్జీ ఊదుకుని కొరికాడు.

"ఉప్పు సరిపోయింది గని, వండేటోని మొఖమే సప్పగున్నది. ఒక్కటి తిను రా, ఏం కాదు."

"తినిపియ్యకు," అన్నాడు వెనకనుంచి ఒకడు. "తింటె మల్ల జాతర నాటి రఘుపతి అయితడు. ఈ కిటికీల పట్టడు!"

వరుసంతా నవ్వింది. రఘుపతీ నవ్వాడు. నోట్లో సోంపు గింజలు అటునుంచి ఇటు మార్చుకున్నాడు. మిరపకాయ వేగే వాసనకు నోరూరినప్పుడల్లా అతను చేసే పని అది.

ఇవాళ డ్యూటీ దిగాక అతను డిస్పెన్సరీలో కాంటా ఎక్కాలి. ముల్లు ఎనభై అయిదు కిలోలు దాటకూడదు. మూడు నెలలుగా దాటలేదు. ఇవాళ కూడా దాటకపోతే హైదరాబాదు ఆస్పత్రి ఆపరేషన్‌కు తేదీ ఇస్తుంది. అతని కిడ్నీ ఒకటి భార్య యమునకు పెడతారు. దాటితే పెట్టరు.

రఘుపతికి నలభై ఆరేళ్లు. తండ్రి ఊపిరితిత్తుల జబ్బుతో గని పనికి పనికిరాకుండా పోతే, ఆ ఉద్యోగం కొడుక్కి వచ్చింది. కొన్నేళ్లు బొగ్గు ఎత్తాడు. ఒక వానాకాలం బొగ్గు మోసే టబ్బు బండి తగిలి మోకాలు చెడింది. అప్పుడు పైకి పంపి క్యాంటీన్‌లో వేశారు. గరిటె పట్టిన చెయ్యి ఊరుకోదు. వాయి వాయికీ ఒక బజ్జీ, పూరీ ముక్క, చట్నీ వేలు. లావెక్కాడు. ఎవరూ తప్పు పట్టలేదు. వంటవాడు బలంగా ఉంటేనే వంట మీద నమ్మకం అన్నారు.

ఇప్పుడు చొక్కా విప్పితే ఆ ఏళ్లన్నీ కనిపిస్తాయి. పొట్ట దగ్గర చర్మం ఖాళీ సంచిలా కిందికి వేలాడుతుంది. దాని మీద తెల్లటి చారలు. ఆ చర్మం ఒకసారి కాదు, రెండుసార్లు సాగి రెండుసార్లు జారింది.

టిఫిన్ల హడావుడి తగ్గాక ఇంటికి ఫోన్ చేశాడు. యమున ఎత్తడానికి చాలాసేపు పట్టింది.

"ఏమన్న మింగినవా?" అదే ఆమె మొదటి మాట.

"రెండు జొన్నరొట్టెలు, తోటకూర. డిస్పెన్సరీ సిస్టర్ చెప్పినంతే."

"అబద్ధమాడితే కాంటా చెప్తది సూడు."

"ఆయాసమెట్లున్నది?"

ఫోన్‌లో గాలి పీల్చే చప్పుడు వినిపించింది. "గోడకు ఆనుకొని కూసున్న. పండుకుంటె ఎవలో ఛాతి మీద కూసున్నట్టయితున్నది."

"నేనొస్తున్న. దవాఖానకు పోదాం."

"రేపు ఎట్లాగు డయాలిసిస్ ఉన్నది. దవాఖానకు పోతె పొద్దుమూకేదాంక అక్కడనే. నీ కాంటా తప్పిపోతది. మల్ల నెల దినాలు ఆగుమంటరు." మళ్లీ గాలి పీల్చింది. "నాకు ఆగే ఓపిక లేదయ్యా. నువ్వు కాంటా ఎక్కి రా."

రఘుపతి ఏప్రాన్ విప్పడానికి వెనక ముడి మీద వేసిన చెయ్యి అలాగే ఉండిపోయింది. నెల దినాలు. ఆ మాట అతను ఇంతకుముందు విన్నాడు.

"అవ్వ ఉన్నదా ఇంట్ల?"

"ఉన్నది. ఫికర్ చెయ్యకు."

"సరే," అన్నాడు. ముడి విప్పలేదు.

యమునది షుగర్ జబ్బు. అదే కిడ్నీలను తినేసింది. వాళ్లకు పిల్లల్లేరు. ఆమె అన్నదమ్ముల్లో ఒకరి రక్తం కలవలేదు, ఇంకొకరి భార్య ఒప్పుకోలేదు. రఘుపతిది కలిసింది. కానీ అప్పుడతను నూటనాలుగు కిలోలు. ఎనభై అయిదుకు దిగి రమ్మన్నాడు డాక్టర్. రఘుపతి అన్నం మానేశాడు. రాత్రిళ్లు మజ్జిగ తాగి పడుకున్నాడు. మూకుడు ముందు కళ్లు తిరిగి రెండుసార్లు కూలబడ్డాడు. వర్షాకాలంలో మొదలుపెట్టినవాడు చలికాలానికి ఎనభై మూడుకు వచ్చాడు. కాలనీలో అందరూ ఆగి చూశారు. సరిగ్గా అప్పుడే యమునకు ఛాతిలో ఇన్‌ఫెక్షన్ వచ్చి ఆపరేషన్ వాయిదా పడింది. నెల దినాలు ఆగమని, అది తగ్గాక పిలుస్తామని అన్నారు.

ఆ మధ్యలో సమ్మక్క జాతర వచ్చింది.

కొడుకు బరువు తగ్గితే నిలువెత్తు బంగారం ఇస్తానని తల్లి పూలమ్మ మొక్కుకుంది. బంగారమంటే బెల్లం. ఎవరి పేరున మొక్కితే ఆ మనిషి తూగినంత బెల్లం దేవత గద్దె దగ్గర సమర్పించాలి. మొక్కుకున్న నాటి బరువే ఇవ్వాలని, తగ్గిన బరువు ఇస్తే సమ్మక్క తల్లిని మోసం చేసినట్టేనని పూలమ్మ పట్టుబట్టింది. నూటనాలుగు కిలోల బెల్లం గోదావరి ఒడ్డున గద్దెలకు చేరింది. అందులో ప్రసాదంగా తిరిగి వచ్చింది ఒక మూట. వీధంతా పంచారు. యమున వాటా మిగిలింది. ఆమె తినకూడదు. ఆమె పేరు మీద తీసిన బంగారాన్ని ఇంకొకరికి ఇవ్వకూడదు, పారెయ్యకూడదు.

"నువ్వే తిను కొడుకా," అంది పూలమ్మ. "పెనిమిటి తింటె పెండ్లానికి అందినట్టే."

రఘుపతి నమ్మాడు. రోజూ పొద్దున స్నానం చేసి, గద్దెల వైపు తిరిగి దండం పెట్టి, యమున పేరు చెప్పి ఒక గడ్డ నోట్లో వేసుకునేవాడు. నెలల తరబడి ఎండిపోయిన నాలుకకు ఆ తీపి తగిలింది. మొదటివారం గడ్డ ఒక్కటే. తర్వాత రొట్టెతో. తర్వాత క్యాంటీన్‌లో బజ్జీ ఉప్పు చూశాడు. ఆకలి ఆగలేదు. పస్తులున్న ఒళ్లు దొరికిందల్లా దాచుకుంది. మూట అయిపోయింది, ఆకలి మిగిలింది. చొక్కా గుండీలు పట్టకపోతే ఉతికితే కుంచించుకుపోయిందన్నాడు. కాంటా వైపు వెళ్లడమే మానేశాడు.

ఆస్పత్రి పిలిచింది. కాంటా తొంభై ఏడు చూపించింది.

డాక్టర్ కేకలు వేయలేదు. ఫైలు మూశాడు. "మళ్లీ తగ్గండి. తగ్గినదాన్ని మూడు నెలలు నిలబెట్టి చూపించండి. ఆమె గుండె బలహీనపడుతోంది. ఆలస్యం చెయ్యకండి." తిరుగు బస్సులో యమున కిటికీ పక్కన కూర్చుంది. పెద్దపల్లి దాటాక అతని చెయ్యి మీద చెయ్యి వేసి, "నా కోసమే తిన్నవు గద," అంది. ఆ రోజునుంచి పూలమ్మ చాయ్‌లో కూడా బెల్లం వేసుకోవడం మానేసింది. మొక్కు మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

మధ్యాహ్నం షిఫ్టు మారే వేళకు గని ముఖద్వారం దగ్గర డప్పులు మోగాయి. ఎల్లేశం పైకొచ్చాడు. మెడలో బంతిపూల దండ, ముఖమంతా బొగ్గుమసి, కళ్ల కింద చెమటో కన్నీళ్లో రెండు చారలు. మిఠాయి డబ్బా పట్టుకుని నేరుగా క్యాంటీన్‌లోకి వచ్చాడు.

"నోరు తెరువు."

"బావా, ఇంకొక గంటల కాంటా ఉన్నది."

"నీ కాంటల మన్నువొయ్య! ఇరవై ఏండ్లు నీ చేతి కూడు తిని దిగిన. ఇయ్యాల నా చేతిది నువ్వు తినవా? మల్ల ఈ గేటుల నేను అడుగు పెడతనా?"

రఘుపతి లడ్డూ అందుకున్నాడు. ఏడాది క్రితమైతే రెండే దారులు తెలుసు. పారిపోవడం, లేదా డబ్బా ఖాళీ చెయ్యడం. ఇప్పుడు లడ్డూలో పావువంతు విరిచి నోట్లో వేసుకున్నాడు. మెల్లగా నమిలాడు. మిగతాది ఎల్లేశం నోట్లోనే పెట్టాడు.

"అయింది బావా. తీపి చాలు."

ఎల్లేశం బొగ్గు చేతులతోనే అతన్ని కావలించుకున్నాడు. తెల్ల ఏప్రాన్ మీద నల్లటి అచ్చులు పడ్డాయి. రఘుపతి మధ్యాహ్నానికి తెచ్చుకున్న డబ్బాలోంచి లడ్డూకు బదులుగా ఒక రొట్టె తీసి పక్కన పెట్టి, మిగిలినది తిన్నాడు.

డిస్పెన్సరీలో సుమైరా సిస్టర్ ఎదురుచూస్తోంది. ముప్పై దాటని పిల్ల. అతనికి నేర్పింది ఆమే. మొదటిరోజే చెప్పింది: "తగ్గుడు నీకు వచ్చు కాకా. ఆగుడే రాలె." పస్తులు మాన్పించింది. మూడు పూటలా వేళకు తినమంది. వారానికొకసారి ఒకే రోజు కాంటా ఎక్కమంది. ముల్లు కాస్త పైకి పోతే దాక్కోకుండా తన దగ్గరికే రమ్మంది. రోజూ డ్యూటీకి నడిచి వెళ్లి నడిచి రమ్మంది. అందులో గొప్ప రహస్యమేమీ లేదు. అందుకే అతనికి అది అన్నిటికంటే కష్టమైంది. పస్తుకు ఒక ముగింపు ఉంటుంది. దీనికి లేదు.

"చెప్పులిడువు కాకా."

చెప్పులు విడిచాడు. జేబులో తాళాలు, ఫోన్ బల్ల మీద పెట్టాడు. కాంటా ఎక్కి కళ్లు మూసుకున్నాడు. కింద పలక చిన్నగా కదిలింది.

"జల్ది చెప్పు బిడ్డా."

"నువ్వే చూడు."

చూశాడు. ఎనభై నాలుగు. ముల్లు కదలకుండా నిలబడింది.

సుమైరా ఫోన్‌తో ముల్లును ఫొటో తీసి అక్కడే నిలబడి హైదరాబాదుకు పంపింది. జవాబు వెంటనే వచ్చింది. వచ్చే వారం ఇద్దరూ చేరాలి. ఆమె చదివి వినిపించి, అతని ముఖం చూసి, మళ్లీ చదివింది.

"యమునక్కకు చెప్పు పో. ఆయాసం ఎక్కువున్నదంటె మాత్రం రేపటిదాంక ఆగకు. రాత్రయినా సరే, తోలుకరా."

"ఇప్పుడే తోలుకొస్త," అన్నాడు రఘుపతి.

బయటకు వచ్చి ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. రోజూ సెంటినరీ కాలనీలోని ఇంటికి నడిచే వెళ్లేవాడు ఆ రోజు నడవలేదు. ఎదురుగా వచ్చిన ఆటో ఆపి ఎక్కాడు. బొగ్గు లారీల దుమ్ములో ఆటో ఎగిరెగిరి పడుతుంటే, ముందు కడ్డీ పట్టుకుని వంగి కూర్చున్నాడు. యమునకు మొదట ఏ మాట చెప్పాలో చూసుకున్నాడు. వచ్చే వారం అని చెప్పాలా, ఎనభై నాలుగు అని చెప్పాలా?

క్వార్టర్ గడపలో పూలమ్మ చింతచిగురు ఏరుతోంది. కొడుకును చూసి పెదాల మీద వేలు పెట్టింది.

"ఇప్పుడే కన్నంటింది. సప్పుడు చెయ్యకు. కాంటా ఏమన్నది?"

"ఆగింది."

ముసలామె చేతిలోని చిగురు ఒళ్లో వదిలేసి రెండు చేతులూ జోడించింది.

లోపల గది చల్లగా ఉంది. యమున చాప మీద గోడకు ఆనుకుని కూర్చుంది. తల ఎడమ భుజం మీదికి వాలింది. వాచిన పాదాల మీద దుప్పటి కప్పి ఉంది. రఘుపతి చెప్పులు గడపలోనే వదిలి, ఆమె పక్కన చాప అంచున కూర్చున్నాడు. లేపడానికి మనసొప్పలేదు. లేపకుండా ఉండడానికీ ఒప్పలేదు.

"యమునా," అన్నాడు మెల్లగా. "ఎనభై నాలుగు. వచ్చే వారమే రమ్మన్నరు."

వీధిలో ఎవరిదో స్కూటర్ వెళ్లింది. ఆమె మెడ అలా వంగి ఉంటే నొప్పి పుడుతుందని, తల ఎత్తి సరిగ్గా పెట్టబోయాడు. తల బరువుగా అతని అరచేతిలోకి వచ్చేసింది. ముక్కు దగ్గర వేలు పెట్టాడు. ఛాతి మీద చెవి పెట్టాడు. అలాగే ఉంచాడు. పొద్దున ఫోన్‌లో విన్న ఆ గాలి చప్పుడు ఇప్పుడు లేదు.

గడపలోంచి పూలమ్మ అడిగింది, "లేసిందారా?"

రఘుపతి యమున తలను రెండు చేతులతో పట్టుకుని, జారిపోకుండా, ఉన్నచోటనే కూర్చున్నాడు.

నీళ్లు కొలిచి తాగాలన్నప్పటినుంచి, దాహమైతే యమున ఐసు చప్పరించేది. ఆమె మోకాలి పక్కన చిన్న స్టీలు గిన్నె ఉంది. అందులో చెంచాడు నీళ్లు. ఆ నీళ్ల మధ్య, శనగగింజంత ఐసుముక్క ఇంకా కరుగుతూ ఉంది.