ముందు ఒక్క పేటలో

పిల్లాడి ఉతికిన గుడ్డలు ఆమె మడతపెడుతుంటే అత్తగారు మాటల్లో మాటగా అన్నారు. “సోమవారం నుంచి మీ వదిన తన పిల్లని ఇక్కడ దింపి ఆఫీసుకు వెళ్తుందట. ఇద్దరూ కలిసి ఆడుకుంటారు, నీకే తేలిక.”

“ఎవరు చెప్పారు అత్తయ్యా?”

“అబ్బాయే, మొన్న భోజనాల దగ్గర. నువ్వు ఉలకలేదు పలకలేదు. మౌనం అర్ధాంగీకారం కదమ్మా.”

మొన్న భోజనాల దగ్గర పిల్లాడు ఉమ్మింది తుడుస్తూ ఉంది ఆమె.

పిల్లాడు నిద్రపోయే మధ్యాహ్నపు గంట ఒక్కటే ఆమెది. పెళ్ళితో చదువు ఆగింది గానీ పటాల పిచ్చి ఆగలేదు. ఎక్కడెక్కడి జనమో ఇంటర్నెట్‌లో కలిసి గీసుకునే ప్రపంచపటం ఒకటుంది. ఎవరైనా ప్రోగ్రాం రాసి ఒక్క దెబ్బతో వేల చోట్ల మార్పులు చేయాలంటే ముందు అందరికీ చెప్పాలి. ఆ విన్నపాలు చూసి సరే అనడమో ఆపడమో ఆమె పని. జీతం లేదు. ఇంటిపనికీ లేదనుకోండి, కానీ ఇక్కడ థాంక్స్ చెబుతారు.

ఆ రోజు ఒక ఇంజినీరు రాశాడు. తమ ఊరి పార్కుల్లోని కుళాయిలన్నిటికీ తన ప్రోగ్రాం ‘తాగునీరు’ అని గుర్తు పెడుతుందట. “వారమైంది, ఎవరూ కాదనలేదు. ఒప్పుకున్నట్టే కాబట్టి సాయంత్రం నడిపిస్తున్నాను.”

ఆమె ఆ మాట రెండోసారి చదివింది. మొక్కలకు పెట్టే నీళ్ళు ఏ తల్లయినా పాలసీసాలో పట్టుకుంటే? కానీ అంత చదివినవాణ్ణి తనా ఆపేది? రాసింది, చెరిపింది, మళ్ళీ రాసింది. “ఎవరూ మాట్లాడలేదంటే చూడలేదని కూడా కావచ్చండీ. ముందు ఒక్క పేటలో నడిపి, ఆ కుళాయిలు మీరే వెళ్ళి చూసి చెప్పండి. మిగతా ఊరి సంగతి తర్వాత.” పంపి కళ్ళు మూసుకుంది.

కాసేపటికి జవాబు. “సరేనండి, మా పేటతో మొదలుపెడతాను.”

అంతే. ఆకాశమేమీ విరిగి మీద పడలేదు. ఇంతేనా, అనుకుంది. ఎందుకో హాయిగా ఆవులింత వచ్చింది.

సాయంత్రం భర్త అన్నాడు, “అక్కకి మాటిచ్చేశాను. ఇప్పుడు కాదంటే బాగోదు.”

“నేను కాదనలేదు. సరేనని కూడా అనలేదు. ఆదివారం పొద్దుటి నుంచి ఇద్దరినీ మీరు చూసుకోండి. ఎలా ఉందో చెప్పండి. సోమవారం సంగతి తర్వాత.”

“నేనా? నాకేం తెలుసు?”

“నాకు మాత్రం పుట్టుకతో వచ్చిందా?”

అత్తగారు నవ్వు దాచుకోవడానికి పక్కకి తిరిగారు. “అడిగిందాంట్లో తప్పేముందిరా,” అన్నారు గోడకేసి చూస్తూ.

ఆదివారం ఆమె గది తలుపు దగ్గరగా వేసి పటం తెరిచింది. హాల్లో ముందు నవ్వులు, తర్వాత ఏదో దొర్లిన చప్పుడు, ఆపైన రెండు గొంతుల ఏడుపు. మధ్యలో “ఇటు చూడు నాన్నా, ఇటు చూడమ్మా” అంటూ మూడో ఏడుపులాంటి ఆయన గొంతు. ఆమె పాదాలు అలవాటుగా నేలకి ఆనాయి. చెవి రిక్కించి విన్నది. ఆకలి ఏడుపు కాదు. దెబ్బ తగిలిన ఏడుపూ కాదు. ఏదో బొమ్మ కోసం.

“కాస్త ఒక్కసారి వస్తావా?”

“మీరే చూడండి,” అంది లోపలి నుంచి, కాళ్ళు మళ్ళీ కుర్చీ మీదికి మడుచుకుంటూ.