వెనక పేజీలో అవ్వ

లోహితకు కోపం వస్తే పెన్సిలు మొన విరుగుతుంది. ఆ ఆదివారం తిరుపతి క్లాసులో చెక్కింది చెక్కినట్టే విరుగుతూ పోయింది.

బొమ్మల కథలు గీయడం నేర్పే ప్రేమానందం సార్ ఆమె పేజీలన్నీ బల్ల మీద పరుచుకుని చూశాడు. తన దగ్గర నేర్చుకునే పిల్లల కథలన్నీ కలిపి ఆయన ఒక పుస్తకం అచ్చు వేయిస్తున్నాడు. అందులో చోటు దొరకాలని లోహిత వేసవంతా పుత్తూరు నుంచి బస్సులో వచ్చిపోయింది. గీసింది వాళ్ల అవ్వ కథ. కుప్పమ్మ అవ్వ పుత్తూరులో ఎముకల కట్టు కడుతుంది. విరిగిన చేతులతో, తొలిగిన కీళ్లతో ఎక్కడెక్కడి వాళ్లో ఆమె వసారాకు వస్తారు.

"గీత బాగుండాది" అన్నాడు సార్. "కానీ కొత్తగా గీసేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. మంగా అంటే జపాను బొమ్మల కథ; దాంట్లో పెద్ద కళ్లుండాల, కోసుదేలిన గడ్డముండాల. ఈ ముసలమ్మను ఎవురు చూస్తారు? పదహారేళ్ల పిల్లను చేసెయ్. అరచేతుల్లోంచి వెలుగొచ్చి ఎముక అతుక్కున్నట్టు గీయి. ఊరి పేరు తీసెయ్. అప్పుడు పుస్తకంలో మొదటి కథ నీదే."

"మా అవ్వ చేతుల్లో వెలుగు లేదు సార్. ఆకు పసరు ఉండాది."

క్లాసంతా నవ్వింది. సార్ కూడా నవ్వాడు. ఆయనేం చెడ్డవాడు కాదు. "ఇంకోటి విను. మీ అవ్వ చెయ్యి లాగే బొమ్మను, పేజీ తిప్పితే గానీ కనపడకుండా, వెనక పేజీకి తొయ్. ముందే కనిపిస్తే చదివేవాడికి ఉలుకు యాడొస్తాది?"

ఆ మాట లోహిత చెవికెక్కలేదు. కోపంలో ఉన్నవాళ్లకు మంచి మాట కూడా తిట్టులాగే వినిపిస్తుంది మరి.

ఇంట్లో నాయన మునిశేఖర్ తన వైపు మాట్లాడతాడనుకుంది. "మార్చేస్తే ఏం పోతాది మ్మా? అచ్చులో నీ పేరు వస్తాది గదా" అన్నాడాయన.

"నా పేరుంటాది నాయనా. అవ్వ యాడుంటాది?"

అవ్వ ఆకులు నూరుతూ తల కూడా ఎత్తలేదు. "నా మొగం ఎవురిక్కావాల మ్మే? సిన్నపిల్లనే గీయి."

లోహితకు ఏడుపొచ్చింది. ఆ ముడతలు కుదరడానికి ఎన్ని కాగితాలు చింపిందో ఆమెకే తెలుసు. సార్ మాటకు మండింది కానీ, అవ్వ మాటకు మనసు విరిగింది.

మర్నాడు మోచెయ్యి తొలిగిన మనిషి ఒకడు వచ్చాడు. అవ్వ ఆ చేతిని మెల్లగా నిమురుతూ, "మీ ఊరు యాడ నాయనా? వానలు పడినాయా?" అంది. అతను జవాబుకు నోరు తెరిచాడో లేదో, చటుక్కున లాగేసింది. రోజూ చూసేదే. కానీ ఆ రోజు లోహితకు తన తప్పు కనిపించింది. తన బొమ్మల్లో ఆ ప్రశ్నా ఈ లాగడమూ పక్కపక్కనే ఉన్నాయి. వెనక పేజీ విషయంలో సార్ చెప్పింది నిజమే. ఒప్పుకోవడానికి ఒళ్లు మండినా ఒప్పుకుంది.

ప్రశ్నను కుడి పేజీ అడుగుకు దించింది. లాగడాన్ని దాని వెనక్కి మార్చింది. పనిలో పనిగా అవ్వ మొహానికి ఇంకొన్ని ముడతలు పెట్టింది. తర్వాత సార్‌కు ఫోన్ చేసింది.

"సార్, వెనక పేజీ మాట తీసుకున్నా. పిల్లను మాత్రం పెట్టను. ఊరి పేరు తియ్యను."

"అయితే పుస్తకంలో నీ కథ ఉండదు లోహితా."

"ఉండకపోతే పోనీండి సార్."

ఫోన్ పెట్టేసింది. అచ్చులో పేరు చూసుకోవాలని ఆమెకు మాత్రం లేదా ఏమిటి? అయినా లేచి పోయి పేజీలు జిరాక్స్ తీయించింది. పిన్నులు కొట్టి, కాపీలను వసారాలో తాడుకు వేలాడదీసింది.

ఆ వారంలోనే సుందరరాజు అనే లారీ డ్రైవరు కుడి మోచెయ్యి పట్టుకుని వచ్చాడు. మీసాలు చూస్తే భయమేస్తుంది కానీ, అవ్వను దగ్గరికి రానివ్వకుండా గోల పెట్టేశాడు. "ముట్టుకోవద్దవ్వా! నీ కాళ్లకు మొక్కుతా!"

అవ్వ విసుక్కుని తాడు మీది పుస్తకం లాగి అతని ఒళ్లో పడేసింది. "సదువుకో నాయనా. నేనేం సెయ్యను."

అతను ఎడం చేత్తో పేజీలు తిప్పాడు. అవ్వ పక్కన కూర్చుని ఊరికే చెయ్యి నిమురుతోంది. బొమ్మలోని అవ్వ అడుగుతోంది, "మీ ఊరు యాడ నాయనా?" అని. సుందరరాజు నవ్వుతూ పేజీ తిప్పాడు.

అవ్వ లాగేసింది.

"అమ్మా!" బొమ్మలోవాడూ సుందరరాజూ ఒకేసారి అరిచారు.

కట్టు వేస్తుండగా అతను కళ్లు తుడుచుకుని, కిందపడిన పుస్తకం మళ్లీ అందుకున్నాడు. బొమ్మ వంకా అవ్వ వంకా మార్చి మార్చి చూశాడు. "ఇది నువ్వే గదవ్వా?"

అవ్వ గుడ్డ బిగించి ముడేసింది.

"నేను గాక ఇంకెవురు? నా మనవరాలు గీసింది. ఊరి పేరు గూడా ఏసింది, సూడు."